చమురు సోకిన ఊటనీరు: తోడి శుద్ధిచేయు పద్ధతి యొక్క శక్తియు పరిమితియు

నెల్లూరు తీరమందలి కోట ప్రాంతమున, సముద్రమునకు చేరువనున్న ఇసుక నేలలో ఒకటి రెండు బారల లోతు త్రవ్వినంతనే మంచినీరు పడుననుట తరతరముల అనుభవము. ఆ నీటిని దొరువులలో ఊరనిచ్చి, కడవలతో ముంచి నారుమళ్లకు పోసినవారి మనుమలు నేడు ఫిల్టరు పాయింట్లు దింపి, మోటార్లతో తోడి, వేరుసెనగకును కూరపాదులకును పారించుకొనుచున్నారు. పద్ధతి మారినను ఆధారము మారలేదు. ఉప్పుసముద్రపు ప్రక్కనే, ఉప్పునీటి మీదనే నిలిచియున్న పలుచని మంచినీటి పొర యొకటి ఈ తీరగ్రామములను బ్రదికించుచున్నది.

ఇట్టి నేలమీదికి పరిశ్రమ వచ్చుచున్నది. ఉత్తరమున కృష్ణపట్నము రేవు 2008 నుండి పెద్ద ఓడలను చేర్చుకొనుచున్నది. చెన్నై-బెంగళూరు పారిశ్రామిక నడవాలో భాగముగా కోట, చిల్లకూరు మండలములలో తలపెట్టిన క్రిస్ సిటీకి 2025 జనవరి 8వ తేదీన ప్రధానమంత్రి శంకుస్థాపన చేసిరి. ఆంధ్ర తీరమున క్రొత్త చమురుశుద్ధి కర్మాగారమును నెలకొల్పు సన్నాహములకై 6,100 కోట్ల రూపాయలు వెచ్చింపనున్నట్లు భారత్ పెట్రోలియం సంస్థ 2024 డిసెంబరులో ప్రకటింపగా, దానికి నెల్లూరునకు ఉత్తరమున తీరమందలి రామాయపట్నము తావుగా నిర్ణయింపబడినది. రేవులు, కర్మాగారములు, వాటి లారీలు, ఆ లారీలకు పెట్రోలు బంకులు, బంకుల క్రింద ట్యాంకులు, ఊరినుండి ఊరికి పైపులైనులు: ఈ వరుసలో ఒకదాని వెంట మరియొకటి రాక తప్పదు. కావున ఈ ఇసుకలో చమురు దిగినచో ఆ నీటిని మరల బాగుచేయుట సాధ్యమా, సాధ్యమైనచో ఎంత కాలమునకు, ఎంత వ్యయమునకు, ఏ మేరకు అను ప్రశ్నను ముందుగానే విచారించుకొనుట మన విధి. ప్రపంచమున ఈ పనికి మొదట ప్రచారములోనికి వచ్చిన మార్గము బావులు త్రవ్వి, చెడిన నీటిని పైకి తోడి, శుద్ధిచేయుట. ఆ మార్గముయొక్క శక్తిని, పరిమితిని, మన తీరమునకు దాని తగుదలను సమీక్షించుటయే ఇచటి ఉద్దేశము.

భూమిలో చమురు నడక

పెట్రోలు, డీజిలు నీటికంటె తేలికైనవి. పెట్రోలు సాంద్రత నీటి సాంద్రతలో నూటికి డెబ్బదియైదు వంతులకు కొంచెము ఇటునటుగను, డీజిలుది ఎనుబదిమూడు వంతుల చెంతను ఉండును. ట్యాంకునుండి గాని పైపునుండి గాని కారిన చమురు ఇసుక సందులగుండ నిలువున దిగి, నీటిమట్టమును చేరి, అక్కడ అణగి ప్రక్కలకు వ్యాపించును. దిగిన దారిపొడవునను కొంత చమురు ఇసుకరేణువుల నడుమ చిక్కుకొని నిలిచిపోవును. కొంత ఆవిరియై నేలలోని గాలితో కలసి, ఇండ్ల పునాదులలోనికిని కాలువలలోనికిని చేరి అగ్నిప్రమాదమునకు హేతువగును. మిగిలినది నీటిమీద తేలుచు, తనలోని కరగదగిన పదార్థములను, ముఖ్యముగా బెంజీను, టొలువీను, ఇథైల్ బెంజీను, జైలీనులను, దిగువకు పారు ఊటనీటికి కొంచెము కొంచెముగా అప్పగించుచుండును.

వీనిలో మిక్కిలి భయంకరమైనది బెంజీను. అది రక్తపుకేన్సరును కలిగించు పదార్థముగా రుజువైనది. స్వచ్ఛమైన బెంజీను లీటరు నీటిలో సుమారు 1,800 మిల్లీగ్రాములు కరగును. మన దేశపు బి.ఎస్. 6 ప్రమాణము ప్రకారము పెట్రోలులో బెంజీను నూటికొక పాలు మించరాదు. అంత తక్కువగా ఉన్నను, ఆ పెట్రోలునంటియున్న నీటిలో లీటరుకు పదునెనిమిది మిల్లీగ్రాముల చొప్పున బెంజీను చేరుటకు అవకాశము కలదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ త్రాగునీటికి విధించిన హద్దు లీటరుకు 0.01 మిల్లీగ్రాము. అనగా ఆ నీరు హద్దును 1,800 రెట్లు దాటును. ఒక చిన్న ట్యాంకు కారినను ఊరంతయు కలతపడుటకు కారణమీ లెక్కయందే యున్నది.

నెల్లూరు తీరమున దీనికి మరియొక చిక్కు తోడగును. ఇచట ప్రధానముగా వర్షించునది ఈశాన్య ఋతుపవనము. అక్టోబరునుండి డిసెంబరు వరకు నీటిమట్టము పైకి లేచి, వేసవిలో మరల దిగిపోవును. 2023 డిసెంబరునాటి మిగ్‌జాం వంటి తుపాను వచ్చినపుడు ఆ లేచుట కొలది దినములలోనే జరిగిపోవును. మట్టము దిగినపుడు దానితో దిగిన చమురు, లేచినపుడు పూర్తిగా లేవక, నీటిక్రింద చిక్కి నిలుచును. ఏటేట ఈ ఆటుపోటు జరుగుటచే మొదట పలుచని పొరగా నున్నది కొన్ని అడుగుల మందమున ఇసుకకు పూతవలె పట్టుకొనును. వేసవిలో పరిశీలన బావిలో చమురు కనబడి, వానకాలమున మాయమైనచో, అది పోయినదని తలచుట పొరపాటు. అది మునిగినదని గ్రహింపవలెను.

తండయార్‌పేట చెప్పు పాఠము

కోటకు దక్షిణమున, ఇదే తూర్పు తీరమున, తెలుగువారు తరతరములుగా నివసించు ఉత్తర మద్రాసులోని తండయార్‌పేటయందు 2013లో ఇండ్ల బోర్లలోని నీరు పెట్రోలియము వాసన కొట్టి, చమురు తేలి, వాడుకకు పనికిరాకపోయినది. రేవునుండి చమురును తెచ్చు భారత్ పెట్రోలియం సంస్థవారి భూగర్భపు పైపులైను కారుటయే హేతువని ఆరోపణ వచ్చి, ఆ లైను నిలుపబడినది. జాతీయ హరిత న్యాయస్థానముయొక్క దక్షిణ పీఠము ఈ విషయమును విచారణకు గైకొనగా, నేలయు నీరును ఎంతమేర చెడినవో తేల్చుటకు మద్రాసు ఐ.ఐ.టి. నిపుణుల సహాయము పొందబడినది. పైపులోని రంధ్రమును మూయుట స్వల్పకాలమున ముగియు పని. నేలలోనికి దిగినదానిని గూర్చిన విచారణ, వ్యాజ్యము, శుద్ధి మాత్రము ఏండ్ల తరబడి సాగినవి.

ఈ ఉదంతమున గమనింపదగినవి రెండు. దోషమును మొదట కనుగొన్నవారు నీరు తోడుకొను గృహిణులే. వారి ముక్కు పసిగట్టువరకు చమురు ఎంతకాలము దిగినదో లెక్కలేదు. రెండవది, పట్టణమున బోరు చెడినచో లారీనీటితోనైనను దినము గడపవచ్చును గాని, పల్లెలో దొరువు చెడినచో ఇంటితోపాటు పొలమును ఎండును.

బావులు చేయు పని

నీరు తోడు బావి యొక్క పని రెండు విధములు. బావిలో మోటారు నడచుచున్నంతసేపు చుట్టునున్న నీటిమట్టము గరాటు ఆకారమున దిగి, నలుదిశల నీరు బావివైపునకు మరలును. అందుచే చెడిన నీరు దిగువనున్న ఊరి బావులకు పోక అచటనే ఆగును, ఇది నిగ్రహము. తోడిన నీటితో కాలుష్యము కొంత బయటికి వచ్చును, ఇది నిర్మూలనము. మొదటి పనిలో బావి సమర్థము, రెండవ పనిలో మందము. ఈ భేదమును తెలియక రెండింటిని ఒకటిగా తలచుటవలననే ఈ పద్ధతి విషయమున ఆశలును నిరాశలును అతిగా పుట్టినవి.

ఒక బావి ఎంత వెడల్పున నీటిని తనవైపునకు త్రిప్పుకొనగలదో సులభముగా అంచనా వేయవచ్చును. ఇసుకపొర మందము 10 మీటర్లు, దానిలో నీటిని పారనిచ్చు గుణము దినమునకు 10 మీటర్లు, నీటిమట్టపు వాలు వేయింటికి రెండు అనుకొందము. దినమునకు 20 ఘనమీటర్లు, అనగా ఇరువదివేల లీటర్లు తోడినచో, ఎగువనుండి వచ్చు ప్రవాహములో నూరు మీటర్ల వెడల్పును, బావి సరిహద్దున దానిలో సగమును అది పట్టుకొనగలదు. ఒక పెట్రోలు బంకునుండి బయలుదేరిన కాలుష్యమును నిలుపుటకు ఇట్టివి ఒకటి రెండు బావులు చాలును. అందుచే నిగ్రహమునకు పెద్ద యంత్రములక్కరలేదు. బావిని సరియైన తావున త్రవ్వుటయు, కరెంటు పోయినపుడును ఆపక నడుపుటయు ముఖ్యము.

నీటిమీద తేలు చమురును తీయుటకు వేరు ఏర్పాటులు గలవు. కొన్నిట చమురును మాత్రమే పీల్చు చిన్న పంపును నీటిమట్టమున నిలుపుదురు. కొన్నిట ఒకే బావిలో రెండు పంపులుంచి, క్రిందిది నీటిని తోడి మట్టమును దించుచుండగా, గుంటలోనికి చేరిన చమురును పైది తీయును. మరికొన్నిట బావికి శూన్యపీడనము కల్పించి నీరు, చమురు, ఆవిరి మూడింటిని కలిపి లాగుదురు. నీటిమట్టము పైననే ఉన్న ఇసుక నేలలో బావికి బదులు పొడవైన కందకమును త్రవ్వి, చిల్లులు గల గొట్టమును పరచి, అడ్డముగా పట్టుటయు కలదు. ఈ చివరి ఏర్పాటును పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెను. మన తీరమునకు దానితో ప్రత్యేక సంబంధము గలదు.

పైకి వచ్చిన నీటి శుద్ధి

తోడిన నీటిని మొదట పెద్ద తొట్టిలో నిలిపినచో తేలు చమురు పైకి చేరును; దానిని వేరుచేసి మరల శుద్ధి కర్మాగారమునకు పంపవచ్చును. కరిగియున్న బెంజీను మొదలగువాటిని తొలగించుటకు ఎత్తైన గోపురమున నీటిని పైనుండి తుంపరలుగా జారవిడిచి, క్రిందనుండి గాలిని ఊదుదురు. బెంజీను ఎగిరిపోవు స్వభావము గలది కావున నీటిని వీడి గాలిలో చేరును. ఆ గాలిని అట్లే వదలినచో నీటిలోని విషమును ఊరి ఊపిరిలోనికి మార్చినట్లగును. అందుచే దానిని బొగ్గుగుండ పోనిచ్చుటయో కాల్చుటయో చేయవలెను. నీటిలో ఇంకను మిగిలినదానిని ఉత్తేజిత కర్బనపు పడకలు గ్రహించును. కొబ్బరిచిప్పలనుండి చేయు ఈ బొగ్గు మన దేశమున విరివిగా తయారగుచున్నది. అది నిండినపుడు మార్చవలెను. మార్చినదానిని ప్రమాదకర వ్యర్థముగా భద్రపరుపవలెను.

ఈ ఏర్పాటులన్నియు బాగుగా పరీక్షకు నిలిచినవే. నేలమీది శుద్ధి నేడు ఇంజనీరులకు కష్టమైన విషయము కాదు. ఇనుము కలిసిన ఊటనీరు గాలి తగిలినంతనే త్రుప్పుపట్టి గోపురమును పూడ్చుట, సూక్ష్మజీవులు గొట్టములలో జిగటగా పెరుగుట, రసాయనముల వ్యయము, కరెంటు వ్యయము వంటి చిక్కులు నిత్యము ఉండునవే గాని అవి తీరునవి. తీరనిది నేలక్రింద నున్నది.

ఎందుకు ముగియదు?

1989లో మెకే, చెర్రీ అను భూజల శాస్త్రజ్ఞులు ఈ పద్ధతి నీటిని నిగ్రహించుటకు తగినదే గాని, నేలను పూర్తిగా కడుగుటకు చాలదని హెచ్చరించిరి. 1994లో అమెరికా జాతీయ పరిశోధన మండలి తోడి శుద్ధిచేయు పద్ధతి నడచుచున్న 77 స్థలములను పరిశీలింపగా, 69 స్థలములలో నిర్దేశించుకొన్న ప్రమాణము ఇంకను అందలేదని తేలినది. తొలి మాసములలో తోడిన నీటిలో కాలుష్యము వేగముగా తగ్గును. పిమ్మట ఆ తగ్గుదల మందగించి, ఒక మట్టమున నిలిచి, ఏండ్లకొలది కదలదు. పంపును ఆపి చూచినచో కొన్ని మాసములలో మరల పెరుగును.

దీనికి కారణము సులభముగా బోధపడును. నూనెజాడీని ఎంత వంచినను గోడలకంటిన నూనె జారిరానట్లే, ఇసుకసందులలో చిక్కిన చమురు పంపు లాగుటకు లొంగదు. అది కొంచెము కొంచెముగా కరగి రావలసినదే. నడుమనున్న బంకమట్టి పొరలలోనికి ఏండ్ల తరబడి ఇంకిన బెంజీను, చుట్టు నీరు శుభ్రపడిన పిమ్మట, అంతే నెమ్మదిగా వెలికి వచ్చును. ఒక లెక్క వేసి చూతము. వేయి లీటర్ల పెట్రోలు, అనగా దాదాపు 740 కిలోలు నేలలో చిక్కినదనియు, తోడిన ప్రతి లీటరు నీటిలోను సగటున 10 మిల్లీగ్రాములు కరిగి వచ్చుచున్నవనియు అనుకొనినచో, దానిని వెలికి తీయుటకు 7 కోట్ల 40 లక్షల లీటర్ల నీరు తోడవలెను. దినమునకు ఇరువదివేల లీటర్ల చొప్పున అది పదియేండ్ల పని. అదియు సగటు తగ్గకుండ నిలిచిన పక్షమున. ఒక్క వేయి లీటర్లకే ఇది!

న్యూయార్కు నగరములోని గ్రీన్‌పాయింటు దీనికి సుప్రసిద్ధ సాక్ష్యము. బ్రూక్లిన్ తీరపు ఆ పేటలో చమురు కర్మాగారములనుండి కారి భూమిలో చేరిన చమురును 1978లో తీర రక్షకదళపు హెలికాప్టరు న్యూటౌన్ క్రీకు అను కాలువలో కనుగొన్నది. దాని పరిమాణము ఒక కోటి డెబ్బది లక్షల గాలన్లని మొదట అంచనా. దశాబ్దములుగా బావులు తోడి కోటి గాలన్లకు మించి తీసినను ఆ పని ముగియలేదు. తేలు చమురును తీయుటలో బావులు ఎంత ఉపకారము చేయగలవో, చివరి పాలును తీయుటలో ఎంత అశక్తములో ఈ ఒక్కచోటనే రెండును కనబడును.

మిన్నెసోటా రాష్ట్రమున బెమిడ్జి చెంత అడవిలో 1979 ఆగస్టు 20న పైపులైను పగిలి 17 లక్షల లీటర్ల ముడిచమురు కారగా, శుద్ధిచేసిన పిమ్మటను సుమారు 4 లక్షల లీటర్లు నేలలో మిగిలిపోయినది. 1983 నుండి అమెరికా భూగర్భ పరిశోధన శాఖ ఆ తావును బహిరంగ ప్రయోగశాలగా చేసికొని పరిశీలించుచున్నది. 1999-2004 నడుమ బావులద్వారా లక్ష లీటర్లకు మించి చమురు తీయబడినను దిగువనున్న నీటి కాలుష్యమున చెప్పుకోదగిన మార్పు రాలేదు. అయినను ఆ తావు ఒక ధైర్యమును గూడ ఇచ్చినది: నేలలో సహజముగా నుండు సూక్ష్మజీవులు బెంజీనును తినివేయుచుండుటచే, దశాబ్దములు గడచినను ఆ కాలుష్యము కొలది వందల మీటర్లను దాటలేదు. కాలిఫోర్నియాలో కారిన ట్యాంకులను గూర్చి లారెన్స్ లివర్‌మోర్ ప్రయోగశాల 1995లో ప్రకటించిన పరిశీలనయు ఇట్టిదే. అధికసంఖ్యాకములైన చోట్ల బెంజీను 250 అడుగులలోపలనే ఆగియుండెను.

ఈ ధైర్యమునకును హద్దు గలదు. పెట్రోలులో కలుపు పదార్థములన్నియు బెంజీనువలె అణగియుండవు. ఎం.టి.బి.ఇ. అను పదార్థము త్వరగా కరగి, సులభముగా చెడక, నీటితోబాటు పరుగెత్తుటచే 1996లో శాంటామోనికా నగరము తన త్రాగునీటి బావులను మూసికొని, సగము నీటిసరఫరాను కోల్పోయినది. మన దేశమున 2025 నాటికి పెట్రోలులో నూటికి ఇరువది పాళ్లు ఇథనాలు కలుపు స్థితి వచ్చినది. ఇథనాలు విషము కాకపోయినను, సూక్ష్మజీవులు ముందుగా దానిని తిని నేలలోని ఆమ్లజనిని ఖర్చుచేయుటచే బెంజీను విచ్ఛేదము ఆలస్యమై, కాలుష్యము మరికొంత దూరము సాగుటకు అవకాశము గలదు. పాత పెట్రోలుతో వచ్చిన పాశ్చాత్య అనుభవమును మన బంకులకు యథాతథముగా అన్వయింపరాదు.

తీరమున తోడుటలోని ప్రమాదము

పైన చెప్పినదంతయు ఏ నేలకైనను వర్తించును. కోటవంటి తీరమున వేరొక నియమము కలదు. ఉప్పునీటికంటె మంచినీరు నలుబదవ వంతు తేలిక కావున, సముద్రమట్టమునకు పైన ఒక అడుగు మంచినీరు నిలిచిన చోట, క్రింద నలుబది అడుగుల వరకు మంచినీరుండును. గైబెన్, హెర్జ్‌బెర్గ్ అను పాశ్చాత్య ఇంజనీరుల పేర నిలిచిన సూత్రమిది. దీని విపర్యయమే భయంకరము: తోడుటచే మట్టము ఒక అడుగు దిగినచో, కాలక్రమమున ఉప్పునీరు క్రిందనుండి నలుబది అడుగులు ఎగబ్రాకుటకు సిద్ధముగా నుండును. చమురును పట్టుకొనవలెనను తొందరలో లోతైన బావులు త్రవ్వి గట్టిగా తోడినచో, చమురు పోకముందే ఉప్పు వచ్చును. చమురును కొలది దశాబ్దములకైనను సూక్ష్మజీవులు తినును; ఉప్పును తినువారు లేరు. రొయ్యల గుంటలవలన తీరపు మంచినీరు ఉప్పుబారిన వేదన ఈ తీరమునకు క్రొత్తది కాదు. జగన్నాథ్ వ్యాజ్యమున 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చువరకు పోయిన వివాదమది.

ఈ చిక్కునకు పరిష్కారము మన దొరువులోనే కలదు. దొరువు లోతుగా తోడదు. విశాలముగా, పైపైన మాత్రమే తీసికొనును. బాపట్లయందలి లవణజల పరిశోధన కేంద్రమువారు ఈ సూత్రమునే మెరుగుపరచి, నడుమ ఒక గుంటబావిని కట్టి, దాని నలుప్రక్కల ఇసుకలో చిల్లుల గొట్టములను అడ్డముగా పరచి, ఉప్పును కదపక మంచినీటిని మాత్రము సేకరించు ఏర్పాటును ప్రచారములోనికి తెచ్చిరి. చమురును అడ్డుకొను కందకమునకును దీనికిని నిర్మాణమున భేదము స్వల్పము. తేలు చమురు నీటిపైననే యుండును గనుక, దానిని తీయుటకు లోతుబావికంటె ఇట్టి అడ్డుగొట్టమే యుక్తము. మన తీరమున తోడి శుద్ధిచేయవలసి వచ్చినచో అది దొరువు పోకడను అనుసరింపవలెను. నెమ్మదిగా, పైపైన, ఉప్పును ప్రతిదినము కొలుచుచు, శుద్ధియైన నీటిని సముద్రమునకు వదలక ఆ ఇసుకకే మరల ఇంకించుచు సాగవలెను.

తోడుటతో కలియవలసిన ఇతర మార్గములు

నీటిమట్టమునకు పైనున్న పొడి ఇసుకలోని చమురు ఆవిరిని పంకాలతో లాగుట, నీటిలోనికి గాలిని ఊది సూక్ష్మజీవులకు ఆమ్లజని అందించుట, పోషకములను చేర్చి వాని పనిని త్వరపరచుట అను మార్గములు ఇసుకనేలలో చక్కగా ఫలించును. మన దేశమున టెరీ సంస్థ రూపొందించిన ఆయిల్ జాపర్ అను సూక్ష్మజీవుల కూర్పు చమురు బురదను, చమురు పడిన నేలను బాగుచేయుటకు ఉపయోగింపబడుచున్నది. అనుభవమంతయు కలిపి చూచినచో క్రమమిది: మొదట కారుటను ఆపుట, వెంటనే తేలు చమురును తీయుట, దిగువ ఊళ్ల బావులకు పోకుండ తగినంత మాత్రమే తోడి నిలుపుట, చమురు చిక్కిన ఇసుకకు గాలిని అందించుట, మిగిలినదానిని సూక్ష్మజీవులకు విడిచి, ఏండ్ల తరబడి పరిశీలన బావులతో కనిపెట్టియుండుట. తోడుట ఈ వరుసలో ఒక మెట్టు; అదియే శుద్ధియంతయు కాదు.

చట్టమును కర్తవ్యమును

కాలుష్యము చేసినవాడే బాగుచేయు వ్యయమును భరింపవలెనను న్యాయమును రాజస్థానమందలి బిచ్‌డీ గ్రామపు బావులు చెడిన వ్యాజ్యమున 1996లో సుప్రీంకోర్టు స్థిరపరచినది. 2010నాటి హరిత న్యాయస్థాన చట్టము దానిని తన సూత్రములలో చేర్చుకొన్నది. క్రొత్త పెట్రోలు బంకులు పాఠశాలలకు, ఆసుపత్రులకు, నివాసములకు సాధారణముగా 50 మీటర్ల దూరమున నుండవలెనని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020 జనవరిలో ఆదేశించినది. 2025 జూలైలో కేంద్రప్రభుత్వము కలుషిత స్థలముల నిర్వహణకు ప్రత్యేక నియమావళిని ప్రకటించి, అనుమానింపదగిన స్థలములను గుర్తించుట, పరీక్షించుట, బాధ్యునిచే బాగుచేయించుట అను వరుసను ఏర్పరచినది. చట్టము లేదను మాట ఇక చెల్లదు.

అయినను ఈ నియమములన్నియు చెడిన పిమ్మట కదలునవి. కోటవంటి తావునకు చెడకముందే చేయవలసిన పనులు గలవు. ట్యాంకులు లేవకముందే చుట్టుపట్ల దొరువులలోను బోర్లలోను నీటిని పరీక్షించి, బెంజీను ఎంత, ఉప్పు ఎంత అనునది వ్రాసి యుంచవలెను. నేటి లెక్క లేనిదే రేపటి దోషమును ఎవరును రుజువుచేయజాలరు. ప్రతి బంకు, ప్రతి నిల్వకేంద్రము దిగువన పరిశీలన బావి తప్పనిసరి కావలెను. నీరు చేతికందు ఈ నేలలో ఒంటిగోడ ట్యాంకును పాతనీయరాదు. రెండు గోడలు, నడుమ కారుటను తెలుపు సాధనము ఉండవలెను. పరీక్షల ఫలితములను తెలుగులో, గ్రామపంచాయతీ గోడమీద, మూడు మాసములకొకమారు ప్రకటింపవలెను. శుద్ధికగు వ్యయమునకు సంస్థలు ముందుగానే ధరావతు కట్టవలెను; పదియేండ్లు పంపు నడుపవలసిన పనికి రెండేండ్ల బడ్జెటు చాలదు.

ఇవి పెద్ద వ్యయముతో కూడినవి కావు. ఒక పరిశీలన బావికగు వ్యయమును, దశాబ్దముపాటు నడుపవలసిన శుద్ధి కేంద్రపు వ్యయమును ప్రక్కప్రక్కన నిలిపి చూచిన ఏ అధికారికైనను, ఏ వ్యాపారికైనను దారి స్పష్టమగును. తోడి శుద్ధిచేయు విద్య గొప్పది. ఆపదలో దానిని ఆశ్రయింపవలసినదే. కాని, తీరపు పలుచని మంచినీటి పొర విషయమున ఆ విద్య పోయినదానిని పూర్తిగా తిరిగి తేలేదని ప్రపంచపు అనుభవము స్పష్టముగా చెప్పుచున్నది. పరిశ్రమను ఆహ్వానించు హక్కు ప్రభుత్వమునకు గలదు. ఆ ఆహ్వానముతోపాటే ఈ నీటికి కాపలాను నియమించుట దాని బాధ్యత. ఆ కాపలాను ట్యాంకులు రాకముందే అడుగుటయు, వచ్చిన పిమ్మట లెక్క అడుగుచుండుటయు ఈ తీరప్రజల హక్కు.